బావి తవ్వమన్న వైద్యుడు

వెనకటి రోజుల్లో బస్సులో పక్కన కూర్చున్నావిడ పలకరించిందంటే మూడు ప్రశ్నలు వరసగా వచ్చేవి. మీదే ఊరు? పిల్లలెంతమంది? ఆ చీర ఎంతకు తీసుకున్నారు? ఈమధ్య ఆ మూడో ప్రశ్న మారిపోయింది సుమండీ. మొన్న మా వదినా నేనూ వనపర్తిలో బస్సు మారి ఖిల్లా ఘణపూర్ వెళుతుంటే మా ముందు సీట్లో ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"నీకెంతుందక్కా?"

"నూట తొంభై."

"తినకముందా, తిన్నంకనా?"

"తిన్నంకనే. తినకముందు నూట ముప్పై అని చెప్పిండ్రు."

చీర ధర చెప్పినంత తేలిగ్గా చెప్పుకుంటున్నారు. అందులో ఒకావిడ చేతులు చూస్తేనే తెలుస్తోంది, ఎండలో పొలం పని చేసిన చేతులని. చక్కెర జబ్బంటే దివాణాల్లో పరుపుల మీద కూర్చునేవాళ్ళకి వచ్చేదని మా చిన్నతనంలో అనుకునేవాళ్ళం. అది ఎప్పుడు దివాణం మెట్లు దిగిందో, ఎప్పుడు ఎర్రబస్సు ఎక్కి పల్లెకు వచ్చిందో మనం గమనించనేలేదు.

వదిన పుట్టిల్లు ఖిల్లా ఘణపూర్. ఆవిడ తల్లిగారిని చూడ్డానికి వెళుతున్నాం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనక బస్సు నిండా మనవాళ్ళే. కండక్టరు పాపం, ఆ సందులోంచి ఈ సందులోకి దూరుతూ "ఆధార్ చూపియ్యుండ్రమ్మా" అంటూ జీరో టికెట్లు కొడుతున్నాడు. డ్రైవరు మాత్రం ఎక్కినప్పటినుంచి కుర్చీలోంచి కదల్లేదు. కదిలితే మన గతేం కాను!

వాళ్ళిద్దర్నీ చూస్తుంటే లండను బస్సుల కథ గుర్తొచ్చింది. ఉద్యోగానికీ రోగానికీ ఉన్న చుట్టరికాన్ని మొట్టమొదట లెక్కగట్టి చూపించిన కథల్లో అదొకటి. జెర్రీ మారిస్ అనే డాక్టరు 1949 ప్రాంతంలో లండను రవాణా ఉద్యోగుల జబ్బుల పట్టీలు ముందేసుకు కూర్చున్నాడు. దాదాపు 31 వేలమంది. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పేట, ఇంచుమించు ఒకే జీతం. కాని డ్రైవర్లకు వచ్చినన్ని గుండెపోట్లు కండక్టర్లకు రావటంలేదు, వచ్చినా డ్రైవర్లంత త్వరగా చావటంలేదు. 1953లో ఈ సంగతి అచ్చయింది.

అంతటితో ఊరుకోలేదాయన. 1956లో బస్సు కంపెనీ వాళ్ళ యూనిఫాముల కొలతలు తెప్పించాడు. దర్జీ దగ్గరున్న లాగుల నడుము కొలతలన్న మాట! ఏ వయసులో చూసినా డ్రైవర్ల నడుమే పెద్దది. అయితే మరో చిక్కు వచ్చిపడింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజునే డ్రైవరు నడుము కాస్త పెద్దదిగా ఉంది. అంటే కూర్చోవడం వల్ల లావెక్కారా, లావుగా ఉన్నవాళ్ళు కూర్చునే పని ఏరుకున్నారా? తన మాటకు అడ్డొచ్చే సంగతిని కూడా దాచకుండా అచ్చువేసిన ఆ పెద్దమనిషంటే నాకు గౌరవం. మన ఇళ్ళల్లో నడుం కొలత జాకెట్టు కుట్టే అమ్మాయికి తప్ప మరెవరికీ తెలీదు. డాక్టరుకన్నా ముందు దర్జీకే తెలిసే జబ్బిది అని అప్పటినుంచీ నాకో నమ్మకం.

గుండె కథ అలా ఉంటే, చక్కెరదీ అదే దారి. మన కండలు కదిలినప్పుడల్లా రక్తంలోని చక్కెరను లాక్కుని ఖర్చుచేస్తాయి. కదలకపోతే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. దాన్ని లోపలికి పంపటానికి ఇన్సులిన్ ఎంత తలుపు తట్టినా కణాలు క్రమంగా వినిపించుకోవడం మానేస్తాయి. ఇదేమీ ఒక్క రోజులో జరిగేది కాదు. ఏళ్ళు పడుతుంది. అదే మన అదృష్టం కూడా. ఏళ్ళు పట్టేదాన్ని దారిలో ఆపవచ్చు.

మా అన్నయ్య విషయంలో ఆ ఏళ్ళన్నీ వృథాగా పోయాయి. ముప్పై రెండేళ్ళు ఒక ఆఫీసులో పనిచేశాడు. పేరెందుకు లెండి, ఏ ఆఫీసయినా ఒకటే. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం అయిదున్నరకు లేవడం. మధ్యలో టీ కుర్రాడు ఆరుసార్లు వచ్చేవాడు. ఎవరికి ప్రమోషనొచ్చినా మైసూరు పాకు, ఎవరు బదిలీ అయినా మిర్చి బజ్జీ. రిటైరైన రోజున శాలువా కప్పి, దండ వేసి, గోడ గడియారం ఇచ్చి పంపించారు. మూడు నెలల తర్వాత కాలి వేలి మీద చిన్న పుండు మానకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. చూస్తే షుగరు మూడు వందల పైమాటే. ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలీదు. ముప్పై రెండేళ్ళూ ఆ ఆఫీసు ఆయన హాజరు రోజూ తీసుకుంది, రక్తం చుక్క ఒక్కసారీ తీసుకోలేదు. వేలు తీసేశారు. ఆనాటినుంచి మా వదిన అన్నాన్ని కప్పుతో కొలిచి వండుతోంది.

ఇంతలో ఘణపూర్ వచ్చింది. దిగగానే గుట్టల మీద కోట కనిపిస్తుంది. కాకతీయులకు సామంతులైన గోనవారి నాటిది, పదమూడో శతాబ్దపు కట్టడం. ఊరి పేరులో ఉన్నది గోన గణపరెడ్డి అని చెబుతారు. గణపసముద్రమనే చెరువుకూ ఆ పేరే. ఆ రోజుల్లో చెరువు తవ్వాలంటే యంత్రమెక్కడిది? మట్టి తవ్వే చేతులు, తట్ట మోసే తలలు. కట్ట మీద నిలబడి చూస్తే నాకు సుశ్రుతుడు గుర్తొచ్చాడు.

ఏమిటీ, చెరువుకూ సుశ్రుతుడికీ సంబంధమేమిటి అంటారా? చెబుతాను. మధుమేహాన్ని గురించి మన పాత వైద్యులకు బాగా తెలుసు. మూత్రం తేనెలా తీయగా ఉంటుందనీ, చీమలు పడతాయనీ రాశారు. తిండి ఎక్కువై ఒళ్ళు వంచనివాళ్ళకు వస్తుందన్నారు. సుశ్రుత సంహితలో దీనికి చెప్పిన చికిత్స చూస్తే ముచ్చటేస్తుంది. డబ్బున్నవాడయితే చామలూ అడవి ధాన్యాలూ తిని బతకమన్నాడు. బీదవాడయితే చెప్పులూ గొడుగూ లేకుండా, ఊరికొక రాత్రి చొప్పున ఉంటూ, అడుక్కు తింటూ నూరు యోజనాలు నడవమన్నాడు. ఆవుల వెంట తిరగమన్నాడు, దున్నమన్నాడు. అదీ కాకపోతే బావి తవ్వమన్నాడు!

మందు కాదు, మాత్ర కాదు, బావి తవ్వడం! పైగా తవ్విన బావి పదిమందికి నీళ్ళిస్తుంది. ఇంత పొదుపైన వైద్యం మరెక్కడా చూడలేదు. కాని ఈ చీటీ పాలమూరులో ఎవరికి ఇవ్వాలి? ఇక్కడివాళ్ళు తరతరాలుగా చేసింది ఆ పనే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తీసినా మట్టిపనికి పాలమూరు లేబరు కావాలనేవారు. గుంపు మేస్త్రీ బయానా చేతిలో పెడితే పిల్లాజెల్లాతో బయల్దేరి ఏడాదికి సరిపడా చెమట పరాయి నేలలో పోసి వచ్చేవారు. నూరు యోజనాలు నడిచినవాళ్ళు, బావులు తవ్వినవాళ్ళు, ఆవుల వెంట తిరిగినవాళ్ళు. తిన్నదేమో జొన్నరొట్టె, గటక, తైదల అంబలి. సుశ్రుతుడు వచ్చి చూస్తే వీళ్ళకు చెప్పడానికేమీ మిగలదు.

మరి ఆ బస్సులో ఆవిడకు తిన్నంక నూట తొంభై ఎందుకయింది?

వదిన తల్లిగారు ఎనభై దాటిన మనిషి. నడుము వంగింది గాని మాట వంగలేదు. "మా కాలంల తెల్లబువ్వ పండుగనాడే," అన్నది. "మిగతా దినాలు జొన్నలే. ఇసుర్రాయి కాడ కూసుంటె చేతులు పడిపోయేటివి." 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆకలిని తరిమిన పథకమది. కాని బియ్యం ఇంట్లోకి రాగానే జొన్నలు వెనక గదిలోకీ, ఇసుర్రాయి పెరట్లోకీ పోయాయి. ఆ తర్వాత మిక్సీ వచ్చింది, బోరు మోటరు వచ్చింది, మట్టిపనికి పొక్లెయినరు వచ్చింది. ఇవేవీ పాపిష్టివి కావు. ఇసుర్రాయి తిప్పినావిడకు తెలుసు దాని బరువు. పని తగ్గిందని సంతోషించాం. పనితోపాటు మరేదో కూడా ఇంట్లోంచి వెళ్ళిపోయిందని లెక్క చూసుకోలేదు. 2023లో ఐసీఎంఆర్ వారి సర్వే ఆ లెక్క చూపించింది. దేశంలో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షలమంది గడప మీద నిలబడి ఉన్నారు.

ఈ గడప మీదివాళ్ళ సంగతే అసలు సంగతి. పరగడుపున గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తే చక్కెర 140కీ 199కీ మధ్య ఉంటుంది. రెండు వందలు దాటితే జబ్బు కింద లెక్క. వీళ్ళింకా దాటలేదు. వీళ్ళను వెనక్కు పిలవవచ్చా?

చిత్రంగా, ఈ ప్రశ్నకు గట్టి జవాబు మొదట వచ్చింది బావులు తవ్వుకు బతికే ఊరినుంచే. నీళ్ళ బావులు కాదు, చమురు బావులు. చైనాలో ఈశాన్యాన డాచింగ్ అనే ఊరుంది. చమురు పరిశ్రమ చుట్టూ పెరిగిన ఊరది. 1986లో అక్కడి 33 క్లినిక్కుల్లో లక్షా పదివేలమందికి పైగా పరీక్షలు చేసి, గడప మీద ఉన్న 577 మందిని ఏరారు. కొన్ని క్లినిక్కుల వారికి తిండి సంగతి చెప్పారు, కొన్నింటివారికి వ్యాయామం, కొన్నింటివారికి రెండూ. మిగిలినవారికి ప్రత్యేకించి ఏమీ చేయలేదు. ఆరేళ్ళు గడిచేసరికి, ఏమీ చేయనివారిలో నూటికి 68 మందికి జబ్బు వచ్చింది. తక్కినవారిలో 41 నుంచి 46 మందికే. ముప్పై ఏళ్ళ తర్వాత, 2019లో, మళ్ళీ లెక్క చూస్తే వీళ్ళకు జబ్బు రావటం సగటున దాదాపు నాలుగేళ్ళు వెనక్కు జరిగింది. నాలుగేళ్ళేనా అనకండి. మా అన్నయ్య వేలినడిగితే చెబుతుంది నాలుగేళ్ళంటే ఏమిటో.

తర్వాతి జవాబు మన పక్కనే, మద్రాసులో దొరికింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ గారూ వారి బృందమూ ఉద్యోగులు పనిచేసే చోట్లకే వెళ్ళి పరీక్షలు చేసి, గడప మీదున్న 531 మందిని ఎంచారు. మన అన్నదమ్ముల్లాంటి మధ్యతరగతి ఉద్యోగులే. మూడేళ్ళు చూశారు. మామూలుగా వదిలేసినవారిలో నూటికి 55 మంది జబ్బులో పడ్డారు. రోజుకు అరగంట నడకా, చక్కెర మానటమూ, అన్నం తగ్గించటమూ చేసినవారిలో 39 మందే. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 40 మంది. నడకా మాత్రా రెండూ కలిపితే మరింత మేలు జరుగుతుందనుకుంటాం కదా? జరగలేదు. రెంటిలో ఏ ఒక్కటయినా అంతే, రెండూ కలిపినా అంతే. ఇంకో విశేషం, బరువు పెద్దగా తగ్గకుండానే ఈ ఫలం దక్కింది. తూకంమిషను ముల్లు కదలలేదని నాలుగో రోజున నడక మానేసేవాళ్ళు ఈ మాట కొంగున ముడివేసుకోవాలి. ఇది 2006లో వెలువడింది.

2013లో వెలువడిన మరో పరిశోధన ఇంకా సులువైనది. కార్ఖానాల్లో పనిచేసే 537 మందిని తీసుకుని, సగంమందికి తిండినీ నడకనూ గుర్తుచేస్తూ సెల్‌ఫోనుకు చిన్న చిన్న సందేశాలు పంపారు. రెండేళ్ళలో సందేశాలు అందినవారిలో నూటికి 18 మందికి జబ్బొస్తే, అందనివారిలో 27 మందికి వచ్చింది. అమ్మ పొద్దున్నే "నీళ్ళు తాగావా, మందు వేసుకున్నావా" అని ఫోన్ చేయటమే గదా ఇది! విజ్ఞానశాస్త్రం చుట్టూ తిరిగి చివరకు మన వంటింటి గుమ్మం దగ్గరకే వచ్చింది.

అయితే ఆఫీసుల్లో చేసే ప్రతి ఆరోగ్య కార్యక్రమమూ ఫలిస్తుందనుకోవద్దు. అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థలో 160 చోట్ల పనిచేసే 33 వేలమందిని చూసిన పరిశోధన 2019లో వచ్చింది. కొన్ని దుకాణాల్లో తిండి గురించీ వ్యాయామం గురించీ ఒత్తిడి గురించీ పాఠాలు పెట్టారు. ఏడాదిన్నర తర్వాత ఆ దుకాణాలవారు "మేం వ్యాయామం చేస్తున్నాం, బరువు చూసుకుంటున్నాం" అన్నారు. కాని రక్తం చూస్తే, రక్తపోటు చూస్తే, తక్కిన దుకాణాలవారికీ వీరికీ తేడా లేదు. ఎందుకని? నాకు తోచింది చెబుతాను. మద్రాసులో ముందు రక్తం చూశారు, గడప మీదున్నది ఎవరో తెలుసుకున్నారు, ఆ మనిషిని పేరుపెట్టి పిలిచి మూడేళ్ళు వెంట ఉన్నారు. అందరినీ కూర్చోబెట్టి చెప్పే పాఠం ఎవరికీ చెప్పని పాఠమే. అందులోనూ, కూర్చోవద్దని చెప్పడానికి గంటసేపు కూర్చోబెట్టే సభలు మనం చూడలేదూ!

మన ఆర్టీసీ సంగతి కూడా చెప్పాలి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన సంస్థ అది. 2022లో తెలంగాణ ఆర్టీసీ 'గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్' అని పేరుపెట్టి, సిబ్బందికి డిపోల దగ్గరే ఆరోగ్య పరీక్షలు చేయించింది. ఉద్యోగి ఆసుపత్రికి పోవటం కాదు, పరీక్షే డిపోకు వచ్చింది. మారిస్ గారు కొలత టేపుతో మొదలుపెట్టిన పని, డెబ్భై ఏళ్ళకు మన డిపోల దాకా వచ్చిందని సంతోషించాను. మా అన్నయ్య ఆఫీసుకు కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇదంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక వదినకు చెబుతున్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆ ఆరువందల చిల్లర మందిల ఆడోళ్ళెంతమంది?" అంది.

"531" అని దిద్దబోయి ఆగిపోయాను. మద్రాసు లెక్కలో 421 మంది మగవాళ్ళు, 110 మంది ఆడవాళ్ళు. ఆ సెల్‌ఫోను లెక్కలో 537 మందీ మగవాళ్ళే. ఇన్నాళ్ళూ ఆ అంకెలు చదువుతూనే ఉన్నాను గాని, ఆ ప్రశ్న నాకు తట్టలేదు, చూడండి. పరిశోధించినవారి తప్పనను. ఆఫీసుకు వెళ్ళి వెతికితే ఆఫీసులో ఉన్నవాళ్ళే దొరుకుతారు. కార్ఖానాకు వెళితే కార్ఖానాలో ఉన్నవాళ్ళే. హాజరు పట్టీలో పేరులేని మనిషి ఏ లెక్కలోకీ రాదు.

మరి ఈ ఊళ్ళో పేరున్నవాళ్ళెవరు? పత్తి ఏరే ఆవిడకు యజమాని రోజుకొకడు. మట్టిపనికి వలసపోయినవాళ్ళకు మేస్త్రీ తప్ప ఆఫీసు లేదు. ఇక వంటిల్లు అనే కార్ఖానాలో సెలవు లేదు, రిటైర్మెంటు లేదు, శాలువా అంతకన్నా లేదు. మిగిలిపోయిన అన్నం పారేయలేక తినటం, పిల్లలు వదిలేసిన బొబ్బట్టు ముక్క నోట్లో వేసుకోవటం, వంటింట్లో అటూ ఇటూ తిరగటాన్నే నడకగా జమకట్టుకోవటం మన ఉద్యోగ ధర్మాలు. ముప్పై ఏళ్ళు దాటినవారికి ఊళ్ళల్లోనే బి.పి., షుగరు చూసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు. తలుపు తీసినావిడ "మా ఆయనకు చూడండమ్మా" అని లోపలికి పిలిచి, తాను టీ పెట్టడానికి వంటింట్లోకి పోతుంది. అదీ మన తీరు.

ఆఫీసు నడిపేవాళ్ళకు నేను చెప్పదలిచింది ఒక్కటే. జబ్బు మనిషి నోటిలోంచి మాత్రమే రాదు, మనిషి చేసే పని ఆకారంలోంచి కూడా వస్తుంది. ఎనిమిది గంటలు కూర్చోబెట్టే కుర్చీ మీది. ఆరుసార్లు టీ తెచ్చే కుర్రాడు మీవాడు. కనక ఏడాదికొకసారి రక్తం చూడవలసిన పూచీ కూడా మీదే. మైసూరు పాకు పెట్టే చేత్తోనే అరగంట నడిచే తీరిక కూడా పెట్టండి. ఆఫీసు లేనివాళ్ళ విషయంలో ఆ పూచీ ఎవరిది? ఒకరికొకరమే అనుకుంటాను. మహిళా సంఘం నెలవారీ మీటింగులో పొదుపు లెక్క చూసుకున్నట్టే, ఏడాదికొకసారి ఈ లెక్కా చూసుకోవచ్చు కదా. బస్సులో ఆ ఇద్దరూ చేసిందదే. "నీకెంతుందక్కా" అన్న మాట విని నవ్వుకున్నాను గాని, ఇప్పుడు తలుచుకుంటే అంతకన్నా మంచి పలకరింపు లేదనిపిస్తోంది.

సాయంత్రం కోట గుట్ట ఎక్కుదామన్నాను. చిన్నప్పుడు ఆ గుట్ట మీద పరుగెత్తి ఆడుకున్నానని బస్సులో దారిపొడుగునా చెప్పిన వదిన, పట్టుమని యాభై అడుగులు ఎక్కకుండానే రాయి మీద కూలబడింది. సీసాలో నీళ్ళన్నీ తాగేసింది. "ఈమధ్య దాహం ఎక్కువైంది, ఎండలు కదా," అంది. కార్తీకం వెళ్ళిన రోజులవి. ఎండలెక్కడివి?

"వదినా, నీకెంతుంది?" అనడిగాను.

"నాకేముంది? నేను మీ అన్నలెక్క కూసున్న దాన్నా? పొద్దుగాల లేస్తే పండుకునేదాకా నిలబడే ఉంటి గద," అంది.

అన్నయ్య అన్నం కప్పుతో కొలిచే మనిషి, అన్నయ్య మాత్రల డబ్బాకు రోజుకో గది పెట్టిన మనిషి, అన్నయ్యను ప్రతి మూడు నెలలకూ పరీక్షకు తీసుకెళ్ళే మనిషి, ఆ లాబొరేటరీ బల్ల మీద తన చెయ్యి ఒక్కసారయినా పెట్టలేదు. అయిదేళ్ళుగా ఆ బల్ల ఎదురుగా కూర్చుని పర్సు పట్టుకుని వచ్చిందంతే.

నేనేమీ ఉపన్యాసం చెప్పలేదు. ఉపన్యాసాల సంగతి 33 వేలమంది సాక్షిగా తేలిపోయింది కదా. "రేపు వనపర్తిలో దిగి ఇద్దరం రక్తం ఇచ్చిపోదాం, నాదీ చూపించుకోవాలి," అన్నాను. కాసేపు చెరువు వంక చూసింది. సరేనంది.

"పరగడుపున రావాలి, కాఫీ కూడా తాగకూడదు," అన్నాను.

అప్పుడు మాత్రం వదిన మొహం చిన్నబోయింది. బావి తవ్వమన్నా అంత దిగులుపడేది కాదేమో!